మాల తీశాక మళ్లీ సీసా ఎందుకు?

ఈ నెల నా బల్ల మీదకు చేరిన ఉత్తరాల్లో సగానికి పైగా తాగుడు గురించి వచ్చినవే. మిగిలినవి కల్లు, గంజాయి, నిద్రమాత్రల గురించి. అన్నిటిలోనూ నాకు కనిపించిన పోలిక ఒకటుంది. మత్తు మానిన రోజుతోనే కష్టం గట్టెక్కాలని రాసినవారందరూ ఆశించారు. గట్టెక్కకపోయేసరికి అది మోసమనో, మొండితనమనో, గాలి సోకిందనో అనుకున్నారు. అందుకే, మానిన తరువాత ఏం జరుగుతుందో అడిగిన ఉత్తరాలను ఏరి, వాటికి కొంత విస్తారంగానే జవాబులు రాస్తున్నాను. రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. మా ఆయనకు 44 ఏళ్లు. పదిహేనేళ్లుగా రోజూ తాగుతారు. కానీ ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన వారంలోనే, సంక్రాంతి కోడిపందేల బరి దగ్గర మళ్లీ మొదలుపెడతారు. అన్ని రోజులు మానగలిగిన మనిషి ఆ తరువాత మానలేనంటే నేనెలా నమ్మాలి? దేవుడంటే ఉన్న భయంలో పావు వంతు ప్రేమ కూడా పెళ్లాం బిడ్డల మీద లేదనే కదా అర్థం? నిరుడు మాల వేసుకున్న రెండో రోజు రాత్రి పీఠం దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయారు. నియమం ఎక్కడో తప్పిందని గురుస్వామి అన్నారు. తరువాత బాగానే ఉన్నారు.

జవాబు: అమ్మా, మీరు అడిగిన ప్రశ్న ఒకటి, అడగకుండా చివర్లో చెప్పి వదిలేసిన సంగతి ఇంకొకటి. ముందు ఆ రెండో సంగతి మాట్లాడాలి, ఎందుకంటే ప్రాణంతో ముడిపడినది అదే.

మీ ఆయనకు ఫిట్స్ వచ్చింది నియమం తప్పినందుకు కాదు, నియమం పాటించినందుకు. మద్యం మెదడు వేగాన్ని తగ్గించే పదార్థం. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆ బరువును తట్టుకుని పని చేయడానికి తన వేగాన్ని తానే పెంచుకుని, ఆ స్థితికి అలవాటు పడుతుంది. తాగుడు ఒక్కసారిగా ఆగితే బరువు ఆ పూటే తొలగిపోతుంది కాని, పెరిగిన వేగం తగ్గడానికి కొన్ని రోజులు పడుతుంది. నిండు బండిని గుంజుతున్న ఎడ్లు, పలుపు తెగితే ముందుకు బోర్లా పడినట్టు. చివరిసారి తాగిన 6 నుంచి 8 గంటల్లో చేతుల వణుకు, చెమట, గుండెదడ, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ సాధారణంగా మొదటి 48 గంటల్లోపే వస్తాయి. కొద్దిమందిలో రెండో రోజు దాటి నాలుగో రోజులోపు డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది: ఎక్కడున్నారో తెలియదు, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తాయి, జ్వరం, బీపీ పెరుగుతాయి. చికిత్స అందకపోతే అది ప్రాణం తీయగలదు. ఒకసారి ఫిట్స్ వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఏటా తాగడం, ఏటా ఒక్కసారిగా ఆపడం పదే పదే జరిగేవారిలో ఆపిన ప్రతిసారీ లక్షణాలు ముందుకన్నా తీవ్రంగా రావడం వైద్యులు తరచుగా చూస్తుంటారు.

కాబట్టి ఈ ఏడాది మాల వేసుకోవడానికి కనీసం రెండు వారాల ముందు ఆయనను మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. క్లోర్డయాజెపాక్సైడ్, లోరాజెపామ్ వంటి మందులను వారం పది రోజుల పాటు రోజురోజుకూ తగ్గిస్తూ ఇస్తే ఈ ఘట్టం చాలావరకు వణుకు లేకుండా దాటిపోతుంది. నిరుడు ఫిట్స్ వచ్చాయి కనుక ఆ కొద్ది రోజులూ ఆసుపత్రిలో ఉండటమే మంచిది. ఇంకొక మాట మరవకండి. తాగేవారి ఒంట్లో థయమిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉంటుంది. సరిగ్గా తినరు, తిన్నది ఒంటికి పట్టదు. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఎవరితోనో గ్లూకోజు సీసా ఎక్కించేస్తుంటారు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్త విటమిన్ కూడా ఖర్చయిపోయి, ఒకటి రెండుగా కనబడటం, నడక తూలడం, మతి తప్పడం మొదలై, కొందరికి జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతింటుంది. ఆ ఇంజెక్షన్ ఖరీదైనది కాదు. అడిగి వేయించండి.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న. ఆయన 41 రోజులు మానగలగడం అబద్ధం కాదు. ఆ తరువాత మానలేకపోవడమూ అబద్ధం కాదు. దీక్షలో ఆయన చుట్టూ ఏమేం ఉంటాయో ఒకసారి తలచుకోండి. తెల్లవారుజామున చన్నీటి స్నానంతో మొదలైన రోజు సాయంత్రం పూజతో, భజనతో ముగుస్తుంది. క్వార్టర్ గుర్తుకొచ్చే ఆరేడు గంటల వేళ సరిగ్గా శరణుఘోషలో ఉంటారు. నల్లబట్టలు వేసుకున్న మనిషిని వైన్ షాపు ముందు ఊరంతా చూస్తుంది, కనుక ఆయన ఆ వైపే పోరు. నిన్నటిదాకా తాగుబోతు అన్న నోళ్లే "స్వామీ" అని పిలుస్తాయి. అదే దీక్షలో ఉన్న పదిమంది పక్కన కూర్చుని తింటారు, పక్కనే పడుకుంటారు. పైగా ఇది ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలుసు. కొండ దిగి మాల తీసిన నాడు ఇవన్నీ ఒకేసారి ఊడిపోతాయి. గురుస్వామి తన పనిలో పడతారు, తోటి స్వాములే పండక్కి సీసా తెస్తారు, బరి దగ్గర పాత స్నేహితులు, పాత వాసన, చేతిలో పంట డబ్బు. కోరిక అనేది మనసులో కూర్చుని నిర్ణయించుకునే విషయమే అయితే ప్రేమ దాన్ని గెలవాలి. కాని వ్యసనంలో కోరికను లేపేది ఎక్కువగా చోటు, వేళ, మనుషులు. మెదడు వాటితో మందును ఏళ్ల తరబడి కలిపి కుట్టుకుని ఉంటుంది. ఆ కుట్లు 41 రోజుల్లో ఊడవు.

ఈ సంగతి మన ఆడవాళ్లకు డాక్టర్ల కన్నా ముందే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మగవాళ్లకు నీతులు చెప్పడంతో ఆగకుండా సారా దుకాణమే ఊళ్లో ఉండకూడదన్నారు. అది ఉద్యమమై 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికీ దారి తీసింది. రెండేళ్లకే మద్య నిషేధం సడలిపోయింది, అది వేరే కథ. దుకాణం ఎంత దగ్గరగా ఉంటే మానడం అంత కష్టమన్న వాళ్ల లెక్క మాత్రం తప్పు కాదు.

కనుక ఆయన దీక్షను నటన అనుకోకండి, దాన్ని వాడుకోండి. 41 రోజులు పూర్తయ్యేసరికి ఒళ్లు మద్యం నుంచి తేరుకుని ఉంటుంది. ఏ చికిత్సలోనైనా మొదటి మెట్టు అదే. మీ ఇంట్లో ఎప్పుడూ వేయనిది 42వ రోజు ప్రణాళిక. ఇరుముడి కట్టే వారంలోనే డాక్టరును కలిసి, మళ్లీ తాగాలన్న తపనను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ గాని, అకాంప్రోసేట్ గాని ఆయన లివరుకు, మూత్రపిండాలకు ఏది సరిపడుతుందో పరీక్ష చేయించి మొదలుపెట్టించండి. ఈ ఒక్క సంక్రాంతికి ఊరు విడిచి మీ పుట్టింటికో, పందేలు లేని చోటుకో వెళ్లండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఆయన ఎక్కడ, ఎవరితో ఉంటారో ఇద్దరూ కూర్చుని ముందే నిర్ణయించుకోండి. భజన బృందాన్ని వారానికి ఒక రోజైనా కొనసాగించమని గురుస్వామిని అడగండి, ఆయన కాదనరు. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా కూడే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన పెద్ద నగరాల్లో జరుగుతాయి, రుసుము ఉండదు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా కూర్చోవడంతో అవి మొదలయ్యాయి. పీఠం దగ్గర పదిమంది స్వాముల మధ్య మీ ఆయనకు దొరికిన బలం లాంటిదే అక్కడా దొరుకుతుంది.

ఇంత చేసినా ఏదో ఒక రోజు తాగి రావచ్చు. అప్పుడు ఇల్లు ఏం చేస్తుందన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. బిడ్డల మీద ఒట్టు వేయించుకోవడం మన ఇళ్లలో పరిపాటి. ఒట్టు తప్పిన మరుక్షణం ఆ మనిషి "నిండా మునిగినవాడికి చలేమిటి" అనుకుని, ఒక్క గ్లాసుతో ఆగాల్సిన చోట నెల రోజులు తాగుతాడు. ఒట్లు వద్దు. ఒకసారి తాగితే మర్నాడే డాక్టరు దగ్గరకు రావాలన్న ఒప్పందం చేసుకోండి, చాలు.

ప్రశ్న: మాది నిజామాబాద్ వైపు. మా నాయనకు 62 ఏళ్లు. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగితే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించినం. తాగే అలవాటు ఉందా అని డాక్టర్లు అడిగితే లేదనే చెప్పినం, ఎందుకంటే ఆయన కల్లు తప్ప మందు ఎన్నడూ ముట్టలేదు. మూడో రోజు నుంచి కట్లు పీకేసుకుంటున్నడు, లేని మనుషులతో మాట్లాడుతున్నడు, రాత్రంతా అరుస్తున్నడు. మత్తు ఇంజెక్షన్ వికటించిందని మా తమ్ముడు అంటున్నడు, గాలి సోకిందని మా మేనత్త అంటున్నది. ఒక సీసా కల్లు తెచ్చి తాగిస్తే తగ్గుతదని పక్క మంచం వాళ్లు చెప్తున్నరు.

జవాబు: చెల్లీ, పక్క మంచం వాళ్లు రోగాన్ని సరిగానే గుర్తుపట్టారు, వైద్యం మాత్రం తప్పు చెప్పారు. ఉత్తరానికి విడిగా వెంటనే జవాబు పంపాను. ఇతర పాఠకుల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

చెట్టు మీది నుంచి దించిన కల్లుకూ, దుకాణాల్లో అమ్మే కల్లులో అధిక భాగానికీ సంబంధం తక్కువ. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ అయిన చోట నీళ్లలో చక్కెర, శాకరిన్ కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి పోస్తారు; ఎక్సైజ్ దాడుల్లో ఇవి పదే పదే పట్టుబడుతూనే ఉన్నాయి. చెట్టెక్కి బతికే గీతకార్మికుణ్ణి దీనికి నిందించడం అన్యాయం. అయితే మీ నాయన ఇరవై, ముప్పై ఏళ్లుగా తాగుతున్నది కల్లు పేరుతో ఉన్న నిద్రమాత్రల నీళ్లు కావచ్చునన్నది మీరు తెలుసుకోవాలి. నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆగినా మద్యం ఆగినప్పటిలాగే ఫిట్స్, భ్రమలు వస్తాయి. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి పెద్ద సంఖ్యలో జనం వచ్చింది ఇందుకే. దయ్యాలకు లాక్‌డౌన్‌తో పని లేదు కదా.

మీరు చేయాల్సినది, వార్డు డాక్టరు దగ్గరకు వెళ్లి, "మా నాయన రోజూ ఇన్ని సీసాల కల్లు తాగుతాడు, చివరిసారి ఫలానా రోజు తాగాడు" అని చెప్పడం. దాచినందుకు ఎవరూ తిట్టరు. వయసు మీద పడినవారిలో ఆపరేషన్ తరువాత మతి తప్పడానికి రక్తంలో సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మందుల ప్రభావం వంటి ఇతర కారణాలూ ఉంటాయి కనుక వాళ్లు అవీ పరీక్షిస్తారు. ఆ పరీక్షలతో పాటు, నెమ్మదిగా పని చేసే డయాజెపామ్ వంటి మందును కొలిచి ఇచ్చి, రోజులు, వారాల మీద తగ్గించుకుంటూ వస్తారు. సీసా మాత్రం వార్డులోకి తేకండి. అందులో ఏది ఎంత ఉందో అమ్మినవాడికి కూడా తెలియదు. అది ఆపరేషన్ నొప్పికి ఇచ్చే మందులతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు.

ఇంటికి వచ్చాక మీ నాయన కొన్ని నెలలు కల్లు లేకుండా ఉండగలిగితే ఒక మార్పు గమనించండి. పేర్లు మరచిపోవడం, నడుస్తూ తూలడం వయసు వల్లనే అనుకుని ఉంటారు. అందులో కొంత భాగం ఆ సీసా వల్ల వచ్చినదే అయితే అది తగ్గుతుంది. తుంటి విరగడానికి కారణం కూడా ఆ తూలుడే కావచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి 29 ఏళ్లు. ఎంత చెప్పినా ఆసుపత్రికి రాడు. కూరలో, కాఫీలో తెలియకుండా కలిపితే తాగుడు మీద అసహ్యం పుట్టించే పొడి ఉందని ప్రకటన చూసి తెప్పించాను. వాడవచ్చునా?

జవాబు: వాడకూడదమ్మా. ఆ పొట్లంలో ఏముందో చెప్పే చీటీ లేకపోతే అది మందే కాదు. ఇలాంటి రహస్యపు పొడుల వెనక ఉన్న ఆలోచన డైసల్ఫిరామ్ అనే అసలైన మందు నుంచి వచ్చింది. ఆ మందే అందులో ఉండి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. మద్యం ఒంట్లో ముందుగా ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, తరువాత ఒక ఎంజైము వల్ల విరిగిపోతుంది. డైసల్ఫిరామ్ ఆ ఎంజైమును కట్టేస్తుంది. అది తీసుకున్న మనిషి తాగితే విషం పేరుకుపోయి ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోయేంత నొప్పి వస్తుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాడైతే చనిపోవచ్చు. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉండవచ్చు. తాను ఆ మందులో ఉన్నానని తెలిసినవాడు భయపడి తాగడు; ఆ భయమే అందులోని వైద్యం. తెలియనివాడు మామూలుగా తాగి కూలిపోతాడు. కాబట్టి రహస్యంగా ఇచ్చిన డైసల్ఫిరామ్ మందు కాదు, విషమే. తెలిసి వాడేవారికి కూడా మేము లివరు, గుండె పరీక్షలు చేసి, ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్పులు, ఆయుర్వేద అరిష్టాలు తాగవద్దని హెచ్చరించి, అతని సమ్మతి తీసుకునే ఇస్తాము. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగి ఎరుకతో కూడిన సమ్మతినే కోరుతుంది.

మీ నిస్సహాయత నాకు అర్థమవుతుంది. ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా చేసి 2019లో వెలువరించిన సర్వేలో, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు. అబ్బాయి రాకపోయినా మీరు రండి. తల్లి ఎప్పుడు మాట్లాడాలి, ఏ అప్పు తీర్చకూడదు, ఆఫీసుకు ఏ అబద్ధం చెప్పకూడదు అన్నది నేర్చుకుంటే, కొడుకు చికిత్సకు ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. తాగిన రాత్రి గొడవ పడకండి. మర్నాడు ఉదయం చేతులు వణుకుతూ, కడుపులో మంటతో కూర్చున్నప్పుడు "ఈ మంటకు మందు తీసుకుందాం, పద" అనండి. తాగుడు మాట ఎత్తకుండానే డాక్టరు గది గడప దాటిన కొడుకులు నాకు చాలామంది తెలుసు.

ప్రశ్న: నా వయసు 36. మందు మాని 5 నెలలైంది. అందరూ మెచ్చుకుంటున్నారు. కాని నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. తిండి రుచించదు, పిల్లలు మీదకెక్కి ఆడినా సంతోషం రాదు. పొలం పనికి ఒళ్లు కదలదు. కాస్త ఆలస్యమైతే నా భార్య నోరు వాసన చూస్తుంది. తాగినప్పుడే మనిషిలా ఉన్నాననిపిస్తోంది. కొట్టంలో పురుగుమందు డబ్బా కనబడినప్పుడు దాని వైపే చూస్తూ నిలబడిపోతున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

జవాబు: తమ్ముడూ, నాకు చెప్పావు, మంచి పని చేశావు. ఈ పత్రిక నీ చేతికి అందిన రోజే రెండు పనులు చేయి. ఆ డబ్బా ఉన్న కొట్టానికి తాళం వేయించి, తాళంచెవి అన్నకో, పక్కింటివారికో ఇచ్చేయి. నీకు ఎక్కడుందో తెలియకూడదు. తరువాత 14416 నంబరుకు ఫోన్ చేయి. అది టెలి మానస్, ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. పగలూ రాత్రీ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ తలపు మరీ గట్టిగా వస్తే ఫోన్‌తో ఆగక, ఎవరినైనా వెంట పెట్టుకుని దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లు. చావాలన్న తలపు చాలామందిలో అలలా లేచి, కొంతసేపటికి తగ్గిపోతుంది. ఆ కొంతసేపు చేతికి విషం అందకుండా ఉంటే ప్రాణాలు నిలుస్తాయి. నీ భార్యకు కూడా ఈ మాట నువ్వే చెప్పు. నోరు వాసన చూడటం వెనక భయం ఉంది. ఏ భయం నిజంగా పడాలో ఆమెకు తెలియాలి.

ఇక నీకు జరుగుతున్నదేమిటో చెబుతాను. మద్యం మానిన మొదటి కొద్ది వారాల్లో దిగులు, నిద్రలేమి దాదాపు అందరికీ ఉంటాయి. అందుకే మేము వెంటనే డిప్రెషన్ అని ముద్ర వేయకుండా సుమారు నాలుగు వారాలు చూస్తాము. చాలామందిలో ఈలోగా దిగులు దానంతటదే పలచబడుతుంది. 5 నెలలైనా పోలేదంటే, నీది మద్యం మిగిల్చిన మసక కాదు, విడిగా చికిత్స చేయాల్సిన డిప్రెషన్. తెల్లవారుజామున మెలకువ, రుచి పోవడం, సంతోషం ఆనకపోవడం దాని ముఖ్యమైన గుర్తులు. బహుశా అది తాగుడు కన్నా ముందు నుంచే నీలో ఉండి ఉంటుంది. మొదటిసారి తాగిన రోజుల్లో మనసు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని డాక్టరుకు చెప్పు. దిగులు కమ్మినప్పుడు, పదిమందిలో గుండె గాబరా పడినప్పుడు, పాత దెబ్బ ఏదో కలలోకి వచ్చినప్పుడు మందునే మందుగా వాడుకుని వ్యసనంలోకి దిగినవారు తక్కువేమీ కాదు. అలాంటివారికి తాగుడు మాత్రమే మాన్పించి పంపేస్తే పుండు మీది కట్టు విప్పి, పుండును గాలికి వదిలేసినట్టే. రెండింటికీ ఒకే సమయంలో, వీలైతే ఒకే వైద్యుడి దగ్గర చికిత్స జరగాలి.

తాగినప్పుడే మనిషిలా ఉన్నాననడం నీ తప్పు కాదు. ఏళ్ల తరబడి మద్యం మెదడులో సంతోషాన్ని కొలిచే తక్కెడను పాడు చేసింది. పెద్ద రాయి వేస్తే తప్ప ముల్లు కదలదు. పిల్లవాడి నవ్వు లాంటి చిన్న బరువులకు అది మళ్లీ కదలడానికి నెలలు పడుతుంది, కదులుతుంది. డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా తెలుస్తుంది. బాగున్న తరువాత కూడా కనీసం ఆరేడు నెలలు వాడాలి. మొదట్లో నిద్ర, ఆకలి మెరుగుపడి, మనసు చివరగా తేరుకుంటుంది కనుక మధ్యలో ఆపేయకు. పొద్దున్నే ఒక అరగంట నడువు. మనసు బాగుపడ్డాక నడుద్దామని ఆగకు, ఎందుకంటే ఈ జబ్బులో ముందు కాళ్లు కదలాలి.

ప్రశ్న: మానసిక వైద్యులు ఇచ్చే మాత్రలు కూడా ఒక అలవాటే కదా? ఒకటి మాని ఇంకొకటి పట్టుకోవడం కాదా?

జవాబు: కొన్ని మాత్రలు అలవాటు అవుతాయి, అన్నీ కావు. అల్ప్రాజోలం, క్లోనజెపామ్, డయాజెపామ్ వంటి నిద్ర, ఆందోళన మాత్రలను నెలల తరబడి వాడితే అలవాటు పడతారు; అందుకే వాటిని తక్కువ రోజులకు రాస్తాము, పాత చీటీ చూపించి దుకాణంలో మళ్లీ మళ్లీ కొనవద్దంటాము. డిప్రెషన్ మందులకు, నాల్‌ట్రెక్సోన్‌కు అలాంటి తపన ఉండదు. డిప్రెషన్ మందులను ఒక్కసారిగా ఆపితే కొందరికి కొన్ని రోజులు తల తిరగడం, చిరాకు ఉంటాయి, కనుక తగ్గించుకుంటూ ఆపుతాము. ఏ మందు ఎన్నాళ్లకని మొదటి రోజే డాక్టరును అడగండి. అడిగితే విసుక్కునే డాక్టరు అయితే మరొకరిని చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్‌లో రెండేళ్లుగా గంజాయి తాగుతున్నాడని ఈ మధ్యే తెలిసింది. తన గురించి అందరూ మాట్లాడుకుంటున్నారని, ఫోన్‌లో ఎవరో తనను వింటున్నారని అంటున్నాడు. రాత్రుళ్లు గదిలో ఒక్కడే ఎవరికో జవాబు చెబుతున్నాడు. గంజాయి మానితే తగ్గుతుందని స్నేహితులు అంటున్నారు. ఆసుపత్రిలో చెబితే పోలీసు కేసు అవుతుందని మా వారు భయపడుతున్నారు.

జవాబు: లేని మాటలు వినబడటం, అందరూ తనకు వ్యతిరేకంగా కూడారని నమ్మడం సైకోసిస్, అంటే వాస్తవానికీ మనసుకూ లంకె తెగిన స్థితి, లక్షణాలు. గంజాయి ఒక్కటే కారణమైతే, మానిన తరువాత రోజుల్లోనో, కొన్ని వారాల్లోనో ఇవి తగ్గుతాయి. అయితే ఇలాంటి లక్షణాలే దీర్ఘకాలం ఉండే స్కిజోఫ్రెనియా అనే జబ్బు కూడా సరిగ్గా ఈ వయసులోనే తలెత్తుతుంది; ఆ జబ్బు వచ్చే స్వభావం పుట్టుకతో ఉన్న పిల్లల్లో గంజాయి దానిని ముందుగా బయటకు లాగుతుంది. చిన్న వయసులో మొదలుపెట్టినవారికి, రోజూ తాగేవారికి, మత్తునిచ్చే టీహెచ్‌సీ అధికంగా ఉన్న సరుకు వాడేవారికి ముప్పు ఎక్కువ. ఈ రెండింటిలో ఏదన్నది మొదటి రోజే ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. గంజాయి వల్ల సైకోసిస్ వచ్చి తగ్గినవారిలో గణనీయమైన భాగం తరువాతి ఏళ్లలో స్కిజోఫ్రెనియా బారిన పడుతున్నారు కనుక, తగ్గింది కదా అని చూపించడం మానేయకూడదు. స్నేహితుల మాట విని, మానితే పోతుందని ఎదురుచూడటం మాత్రం తప్పు. సైకోసిస్ చికిత్స లేకుండా ఎన్ని వారాలు నడిస్తే కోలుకోవడం అంత కష్టమవుతుంది.

మీ వారి భయానికి జవాబు. వైద్యుడు రోగి చెప్పిన వివరాలను గోప్యంగా ఉంచాలి. వాడకందారు కేసులో చిక్కుకున్నా, మత్తు పదార్థాలను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడటమో, కొద్ది పరిమాణమో మాత్రమే ఆరోపణ అయినప్పుడు, ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మకానికి ఇది వర్తించదు. అబ్బాయి ఎవరికైనా సరఫరా చేశాడా అన్నది ముందు మీరు నెమ్మదిగా తెలుసుకోండి, అవసరమైతే లాయరును కలవండి.

ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు "నీకు పిచ్చి" అనకండి, "నిన్నెవరూ వినడం లేదు" అని వాదించకండి. వాదిస్తే మీరూ ఆ కుట్రలో భాగమవుతారు. "నీకు నిద్ర పట్టడం లేదు, చాలా భయంగా ఉంది, ఆ భయానికి ఏదైనా చేద్దాం" అంటే వస్తాడు. ఒక సెమిస్టర్ పోతుందన్న బెంగ ఇప్పుడు పెట్టుకోవద్దు. కాలేజీకి వైద్య కారణాలతో సెలవు అడిగితే సరిపోతుంది. మీ ఇద్దరి వైపు కుటుంబాల్లో ఎవరికైనా మతి చలించడం, దీర్ఘకాలం ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఆత్మహత్య జరిగి ఉంటే, ఎంత పాత సంగతైనా, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అది ఒకటి.